గడప దాటి వచ్చాక
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో సింహాచలంలో చేసిన ఉపన్యాసం)



దుర్గాబాయి గారు రాజమండ్రిలో పుట్టి, 1981లో కన్నుమూశారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు ఆమే. సంక్షేమాన్ని ఆఫీసు బల్ల దగ్గర ఆపేయకుండా గ్రామసేవిక చేత ఊళ్లోకి నడిపించడం ఆమె చేసిన పనుల్లో నాకు పెద్దదిగా కనిపిస్తుంది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) అంగన్‌వాడీలు, 2005 తరువాత వచ్చిన ఆశా కార్యకర్తలు ఆ దారిన నడిచినవాళ్లే. వాళ్లు ఈ వేళ వెనక వరుసల్లో కూర్చున్నారు. నా మాటలు మాత్రం ముందు వరుసల్లో ఉన్న అధికారులకు.

ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ కోసం ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి వెళ్లాలి. బరువు తూయాలి, జ్వరం చూడాలి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి, బొడ్డు చూడాలి, తల్లి పాలు ఎలా పడుతోందో చూడాలి. వీటన్నిటికీ ఫారంలో గళ్లున్నాయి.

అడవివరం వైపు ఒక ఇల్లు ఊహించుకోండి. తొలికాన్పు, ఏడో రోజు. బిడ్డ బరువు రెండు కిలోలు దాటింది, అంతే. తండ్రి స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి, బి షిఫ్టుకి పోయాడు. తల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. "పాలు చాలట్లేదమ్మా, డబ్బా పాలు పట్టేస్తాం" అంటుంది అత్తగారు. ఆశా చెప్పవలసినదంతా చెప్పింది. ఎవరూ వినలేదు. ఫారం నింపుకుని వచ్చేసింది. హెల్త్ సెంటర్ మీటింగులో ఆ ఫారం పూర్తయిందా లేదా అనే అడుగుతారు. పూర్తయిందిగా మరి.

అమెరికాలో మిషిగన్‌లో సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆవిడ, ఆమె సహచరులు ఇలాంటి ఇళ్లకే వెళ్లి, వంటింట్లో కూర్చుని పనిచేశారు. 1975లో వాళ్లు రాసిన వ్యాసంలో, బిడ్డ ఏడుపు చెవిన పడని ఒక తల్లి ఉంది. ఆమెను ఎవరూ మందలించలేదు. చిన్నతనంలో ఆమె ఏడుపు ఎవరూ వినలేదని గ్రహించి, ముందు ఆమె గోడు విన్నారు. ఆ తరువాతే ఆమె బిడ్డను దగ్గరికి తీసుకుంది. రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ అని ఈనాడు పిలుస్తున్న పద్ధతి ఇదే ఎరుకను ఒక మెట్టు పైకి తీసుకెళ్తుంది. తల్లి గోడు వినే మనిషి గోడు కూడా ఒకరు వినాలి. నెల నెలా తప్పకుండా వినాలి.

ఆ ఆశాను ఆమె పని చూసే మేడం కూర్చోబెట్టుకుని, "ఆ ఇంటి సంగతి చెప్పమ్మా" అందనుకోండి.

"చెప్పడానికేముంది మేడం, వాళ్లు వినరు."

"అప్పుడు నీకేమనిపించింది?"

"ఒళ్లు మండింది."

"ఎవరి మీద?"

"అత్త మీదే అనుకున్నాను. కాదు మేడం, ఆ పిల్ల మీద. నోరు విప్పదేం?"

"బిడ్డ ఏం చేస్తున్నాడు?"

కాసేపు మాట లేదు. "ఏడుస్తున్నాడు. ఆ పిల్ల ఎత్తుకోలేదు, అత్తా ఎత్తుకోలేదు. నేను బరువు రాసుకుంటున్నాను."

మేడం ఇక్కడ సలహా ఇవ్వకూడదు. చాలా కష్టమైన పని ఇదే. అలా తన గోడు చెప్పుకున్నాక, పద్నాలుగో రోజున ఆ ఆశా ముందుగా అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడ కాన్పుల గురించి అడుగుతుంది. పాలు చాలకే తన రెండో బిడ్డ పోయాడని ఆవిడ ఇప్పటికీ నమ్ముతోందని తెలుస్తుంది. డబ్బా పాల వెనక మొండితనం లేదు, భయం ఉంది. ఆ సంగతి తెలియకుండా తల్లిపాల గొప్పతనం ఎన్నిసార్లు చెప్పినా ఆ ఇంట్లో ఎవరికి ఎక్కుతుంది?

ఆశాకు తన సొంత గోడు కూడా ఉంటుంది. ఈ కొండ పక్కనే గోపాలపట్నం దాటితే ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై కనీసం 12 మంది పోయారు. ఆశా అంటేనే ఆ వాడ మనిషి. అటువంటి వాడలో ఇంటింటికీ వెళ్లి దగ్గు, ఆయాసం అడగాల్సినామెకు తన ఇల్లు, తన పిల్లలు కూడా అక్కడే. ఆమెకు నిద్ర పడుతోందా అని అడగడం ఎవరి డ్యూటీ చార్టులో ఉందో నాకు కనిపించలేదు.

"మేడం, ఒక్కో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కి పాతిక దాకా సెంటర్లు, దానికి తోడు పోషణ్ ట్రాకర్, ముఖ గుర్తింపు. తీరిక ఏది?" అంటారు. న్యాయమైన మాట. అందుకే ఆ సూపర్‌వైజర్‌కూ పై అధికారి అయిన సీడీపీఓ దగ్గర తన గోడు చెప్పుకునే గంట ఒకటి కావాలి. ఎవరూ వినని మనిషి మరొకరిని ఓపికగా వినలేదు. ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెబుతాను: ఇది జీతానికి బదులు కాదు. అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మెలో కూర్చున్నది జీతం కోసం, గ్రాట్యుటీ కోసం. అవి ఇవ్వకుండా ఈ గంట ఇస్తే వాళ్లు నమ్మరు, నమ్మనవసరమూ లేదు.

సెక్టార్ మీటింగులో మొదటి గంట రిజిస్టర్లు మూసి, నలుగురైదుగురు చొప్పున కూర్చోండి. అక్కడ చెప్పినది మెమోలోకి, పనితీరు నివేదికలోకి ఎక్కదని ముందే మాటివ్వండి. బిడ్డకు గానీ తల్లికి గానీ ప్రాణాపాయమో, కొట్టడమో ఉందని బయటపడితే మాత్రం గుట్టుగా ఉంచరని, ఆ రోజే కలిసి ఆ ఇంటికి వెళ్తారని కూడా అప్పుడే చెప్పండి. ఈ గంటకు మాత్రం దయచేసి ఇంకో యాప్ పెట్టకండి.