చిట్టాలలో దాగిన తెలివి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ శుభసమయమున కావ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మిత్రులు కోరిరి. నేను లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. భారత భాగవతములు స్వయముగా కూడబలుకుకొని చదువుకొన్నవాడనే గాని గురుముఖమున నేర్చినవాడను గాను. అందుచేత కావ్యములను పెద్దలకు విడిచి, నా వృత్తికి చేరువైన విషయము నొకదానిని విన్నవింతును.

మన బీరువా క్రింది అరలో ఇరువదియైదేండ్ల ఇష్యూ రిజిష్టర్లు కట్టలుగా నున్నవి. ఉత్సవమునకై గది వెల్ల వేయించునపుడు వానిని పాతకాగితముల వర్తకునకు తూచి ఇచ్చివేయుదమను ప్రస్తావన వచ్చినది. తూచి ఇచ్చిన ఏమి వచ్చునో అందరకు తెలిసినదే. ఇయ్యక ఉంచుకొన్న ఏమి వచ్చునో చెప్పుటకే నేను నిలిచితిని.

పని తెలిసినవాడు కొలువు చాలించిపోవునాడు కుర్చీ మిగులును, తెలివి మిగులదు. 1984లో మన రాష్ట్రమున కరణీకములు రద్దయినపుడు కవిలెకట్టలు సర్కారునకు చేరినవి గాని, కట్టలకెక్కని సంగతులు కరణములతోనే పోయినవి. పెద్ద కంపెనీలకును ఇదే బాధ. దీనికి వారు చేయు ప్రయత్నమునకు జ్ఞాననిర్వహణ మని పేరు.

అమెరికాలో జిరాక్సు కంపెనీ కలదు. నకలు తీయుటకే మనము ఆ పేరు పెట్టుకొన్నాము. ఆ యంత్రములను బాగుచేయు పనివారి వెంట జూలియన్ ఓర్ అను మానవశాస్త్రజ్ఞుడు తిరిగి, వారి పనిని కనిపెట్టి చూచి, 1996లో గ్రంథము ప్రకటించెను. కంపెనీ వారిచ్చిన పుస్తకములో ఈ లోపమునకు ఈ మందు అని వరుసగా వ్రాసియుండెను. యంత్రములు మాత్రము పుస్తకము ననుసరించి చెడుట లేదు! పనివారు భోజనముల వేళ ఒకచోట కూడి, "నాకొక యంత్రము ఇట్లు మొరాయించినది, నేనిట్లు లొంగదీసితిని" అని కథలుగా చెప్పుకొనుచుండిరి. అసలు విద్య ఆ కథలలో నుండెను. మన రచ్చబండ మాటలను తీసివేయరాదని నేననుట ఇందుకే.

పిమ్మట ఆ కంపెనీ వారు ఫ్రాన్సు దేశపు పనివారితో మొదలిడి 'యురేకా' అను ఏర్పాటు చేసిరి. పనివాడు తాను కనుగొనిన చిట్కాను వ్రాసి పంపును. అనుభవజ్ఞులు పరీక్షించి నిలుపుదురు. వ్రాసినవాని పేరు దానితోపాటు ఉండును. ధనము ఆశచూపిన చిట్కాల లెక్క పెరుగును, విలువ పెరుగదు. పేరు నిలుచునన్న మనుష్యుడు జాగ్రత్తపడును. కావ్యములకు గద్యలు వ్రాసికొన్న మన కవులకు ఈ రహస్యము తెలియును.

చిట్కాలు వేలకు వేలైన పిమ్మట, ఎవరికేది కావలయునో ఏరి యిచ్చువాడెవడు? 1992లో అదే కంపెనీ యొక్క పాలో ఆల్టో పరిశోధనాలయమువారు 'టాపెస్ట్రీ' అను సాధనమును వెల్లడించిరి. కుప్పలుగా వచ్చిపడు ఉత్తరములను చదివినవారు వానిపై తమ అభిప్రాయమును గుర్తించి పెట్టుదురు. తక్కినవారు "ఫలానివారు మెచ్చినవి మాత్రము నాకు చూపుము" అని కోరవచ్చును. ఇందులకు ఒకరి నొకరు ఎరిగియుండవలెను. 1994లో మిన్నెసోటా, ఎం.ఐ.టి. విద్వాంసులు 'గ్రూప్‌లెన్స్'తో ఆ అవసరమును తప్పించిరి. చదివిన వ్యాసమునకు 1 మొదలు 5 వరకు మార్కులు వేసిన చాలును. ఎవరి మార్కులు ఎవరి మార్కులతో కలియుచున్నవో యంత్రమే చూచి, మీ అభిరుచి గలవారు మెచ్చినదానిని మీకు సిఫారసు చేయును.

ఇక లెక్కల సంగతి. చిట్టాలను త్రవ్వి కలయికలను వెలికితీయుటను డేటా మైనింగు అందురు. మన రిజిష్టరులో 200 మంది పాఠకులున్నారనుకొందము. భారతము తీసికొన్నవారు 40 మంది. వారిలో భాగవతము తీసికొన్నవారు 30 మంది. నూటికి 75! భారతము చదివినవారికి భాగవతము నీయవలెనని తోచును. తొందరపడకుడు. మొత్తము 200 మందిలో భాగవతము తీసికొన్నవారు 150 మంది అయినచో, అదియును నూటికి 75 అగును. అనగా భారతము మనకు క్రొత్తగా చెప్పినది ఏమియు లేదు. మరియొకటి చూడుడు. పశుగ్రాసపు పుస్తకము తీసికొన్నవారు 12 మంది. వారిలో పశువైద్యపు పుస్తకము తీసికొన్నవారు 9 మంది. ఇదియును నూటికి 75. కాని ఊరిమొత్తమున పశువైద్యము తీసికొన్నవారు 20 మందియే, నూటికి 10. ఇచ్చట నిధి యున్నది. ఆ రెండు పుస్తకములను ఒక అరలో పెట్టవలెను. లెక్క సరియైనంత మాత్రమున అర్థము సరికాదని నా వృత్తివారు మరువరాదు.

పుస్తకములు వేలున్న జతలు లక్షలగును. అన్నియు లెక్కించుట ఎట్లు? రెండు కలిసి పలుమారులు పోవలెనన్న, దేనికది పలుమారులు పోయియుండవలెను గదా. కావున అరుదుగా కదలు పుస్తకములను ముందే తీసివేయుడని 1994లో ఐ.బి.ఎం. ఆల్మడెన్ పరిశోధనాలయమున రాకేశ్ అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ అను భారతీయులు ఉపాయము చెప్పిరి. ఉపాయము చక్కనిది, నాకు భయము కలిగించునదియు ఇదియే. ఎవరును తీయని పుస్తకము ఈ లెక్కలో లేనట్లే. తీసినదే మరల చూపబడును. చూపబడినదే మరల తీయబడును. మూలనున్న ఉత్తర హరివంశమును యంత్రము ఎన్నటికి సిఫారసు చేయును? దానిని గ్రంథపాలకుడే చేతికీయవలెను. కంపెనీలోను అంతే: పదేండ్ల కొకసారి వచ్చు లోపమునకు మందు తెలిసినవాడు ఒక్కడే యుండును, లెక్కలో వాడు సున్న.

మరియొక చిక్కు. ఏ యింటి యాడుపడుచు ఏ పుస్తకము చదివినదో, ఎవరు ఏ వ్యాధిని గూర్చి వెదకికొన్నారో ఆ రిజిష్టర్లలో నున్నది. కట్టలు వర్తకుని చేతబడిన, రేపు పకోడీలు ఆ కాగితములలోనే వచ్చును. కంపెనీలలో సైతము, తాను వెదకినది పై అధికారి చూచునని తెలిసినచో పనివాడు తనకు తెలియనిదానిని అడుగుటయే మానును.

కావున కార్యవర్గమువారికి నా మనవి: కట్టలను అమ్మవద్దు. పేర్లకు బదులు అంకెలు వేసి, తేదీయు పుస్తకపు నంబరును మాత్రము క్రొత్త పుస్తకములోనికి ఎక్కించి, పాతవానిని మన ముందరనే కాల్చివేయుదము. ఎక్కించు పని నేను చేసెదను. చక్కని దస్తూరి గల పిల్లలు ఇరువురు ఆదివారములందు తోడుగా వచ్చిన చాలును. ఈ సంక్రాంతికి మొదలిడవచ్చును.