మంటకు ముందు చదువు

ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వబూనడాన్ని గురించి మన పెద్దలు సామెత చెప్పారు. ఆ బావిని ముందుగానే త్రవ్వించే విద్య ఒకటి నేడు పట్టపరీక్ష దాటినవారికి పాఠ్యవిషయమైనది. దానిని అగ్నిభద్రతా నిర్వహణ అంటున్నారు. పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి పుస్తకం పట్టే గృహస్థులు దీనిని చదువుతున్నారు. ఆ చదువు మనకెట్లా ఉపకరిస్తుందో కొంచెం ఆలోచిద్దాం.

దెందులూరు మొదలు కొల్లేటి లంకల వరకు తాటాకు ఇండ్లు నిండుగా ఉన్న రోజులలో, వేసవిలో ఒక కొంపకు నిప్పంటుకుంటే జనం మూడు పనులు చేసేవారు. కొందరు చెరువు నీళ్ళు కడవలతో తెచ్చి పోసేవారు. కొందరు తడిపిన గోనెలు కప్పేవారు. వయసులో ఉన్నవారు గాలివాటున ఉన్న పొరుగింటి కప్పెక్కి తాటాకు లాగివేసేవారు. నీరు వేడిమిని హరించేది. గోనె గాలిని అడ్డగించేది. కప్పు విప్పడంతో మంటకు మేత లేకపోయేది. ఈ మూడింటిలో ఒకదానిని తొలగిస్తే మంట నిలువదనే సూత్రంతోనే నేటి అగ్నిశాస్త్రమూ ఆరంభమవుతుంది.

అయితే కర్మాగారం తాటాకు ఇల్లు కాదు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. తొమ్మిది దినాలకే, 13వ తేదీ రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని రసాయన కర్మాగారంలో పేలుడు సంభవించి, మంటలు చెలరేగి ఆరుగురు మరణించారు. వారిలో నలుగురు పొట్టకూటికై బీహారు నుంచి వచ్చినవారు. తెల్లవారితే ఏప్రిల్ 14. అది, 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బందిని దేశం స్మరించే దినం.

మంటలార్పే అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ కళాశాల 1956లో రాంపూరులో వెలసి, మరుసటి ఏడు నాగపూరుకు తరలింది. ఆర్పడం ఒక విద్య. మంట లేవకుండా చూడడం మరొక విద్య. ఏ రసాయనం దేనితో కలియరాదు? చల్లబరచే నీరు ఆగితే రియాక్టరులో వేడి ఎంతసేపటిలో మితిమీరుతుంది? తెలుగు రాని కూలివానికి హెచ్చరిక ఏ భాషలో వ్రాయాలి? ఈ రెండవ విద్య వేసే ప్రశ్నలు ఇటువంటివి.

ఉద్యోగం చేస్తూ చదివేవానికి ఒక లాభం కద్దు. రాత్రి చదివినదానిని ఉదయం తాను పనిచేసే చోటనే పరీక్షించుకోగలడు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన హోటలు అంటుకొని పదిమంది మరణించారు. మంటకన్న ముందు పొగ మెట్లదారిని ఆక్రమిస్తుందని పుస్తకంలో చదివినవాడు, మరునాడు తన కార్యాలయపు మెట్లమీద పేర్చిన అట్టపెట్టెలను మునుపటి కంటితో చూడలేడు.

చూడడం సులభం; చెప్పడం కష్టం. పెట్టెలు తీయమంటే సరుకెక్కడ పెట్టాలని గుమాస్తా అడుగుతాడు. పని ఆపమంటే నష్టమెవరు భరిస్తారని యజమాని అడుగుతాడు. అక్కడ నోరు మెదపలేకపోతే, ఎంత పెద్ద పట్టమైనా గోడకు వ్రేలాడే పటమే. కనుక ఉద్యోగిని ఈ చదువుకు పంపే యజమాని రుసుము చెల్లించి ఊరుకోరాదు. ప్రమాదం కనిపించినచోట పనిని ఆపించే అధికారాన్ని అతనికి వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. అధికారం లేని జ్ఞానం ప్రమాదాన్ని ముందుగా ఎరుగుతుందేగాని ఆపలేదు.

ఈ విద్యలో గృహస్థులకూ పాఠం ఉన్నది. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కారితే నేలబారున ప్రాకుతుంది. వాసన తగిలినప్పుడు దీపపు స్విచ్చి వేయరాదు, తీయరాదు. సిలిండరు కట్టివేసి, తలుపులూ కిటికీలూ తెరచి, అందరూ వెలుపలికి నడవాలి. అగ్నిమాపక కేంద్రానికి 101 సంఖ్యపై కబురు చేయడం బయటికి వచ్చిన తరువాతి పని. ఈ నాలుగు మాటలు ఇంట్లో పిల్లలచేత ఒకసారి చెప్పించండి. బావి త్రవ్వడానికి అది మంచి ఆరంభం.