తీగ లేని ఇంటర్నెట్ గిట్టుబాటవుతుందా?

వీధిలో తీగ లాగకుండా, ఇంట్లోనో మేడ మీదో పరికరం పెట్టి 5జీ తరంగాలతో ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే సేవలను ఎయిర్‌టెల్, జియో 2023లో మొదలుపెట్టాయి. శ్రీకాకుళం జిల్లా అరసవల్లి లాంటి చోట ఈ వ్యాపారం నిలబడుతుందా?

ముందు పెట్టుబడి చూడండి. ఒక్కో ఇంటికి పరికరాలు, బిగింపు కలిపి 6,000 రూపాయలు అయిందనుకుందాం. ఖర్చులు పోను నెలకు 200 మిగిలితే, అసలు రావడానికే 30 నెలలు. ఈలోగా చందాదారు మానేస్తే నష్టమే. పైగా 149 రూపాయల ప్యాకేజీతో జనంలోకి వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్‌తో పోటీ.

రెండోది రద్దీ. టవరు సామర్థ్యాన్ని ఇళ్లూ ఫోన్లూ పంచుకోవాలి. రథసప్తమికి అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికొచ్చిన వాళ్లంతా ఫోన్లు తీస్తే, చుట్టుపక్కల ఇళ్లలో వేగం పడిపోవచ్చు. ఆ ఒక్క రోజును సర్దుకోవచ్చు. రోజూ రాత్రిపూట అందరూ వీడియోలు చూసే వేళకు మాత్రం టవరు సరిపోవాలి.

మూడోది తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లాలో వేలాది కరెంటు స్తంభాలను కూల్చింది. స్తంభాల మీది ఫైబరుకు అది గండమే. టవరుకు కరెంటు, దాని వెనక ఫైబరు నిలిస్తేనే తీగలేని సేవకు మేలు.

కాబట్టి ఫైబరున్న వీధిలో ధరలు తగ్గించి పోటీపడే కంటే, తీగ లాగడం ఖరీదయ్యే శివారు ఇళ్లను వెతుక్కున్న సంస్థకే లాభం.