రక్తంలో కొవ్వు - పక్షవాతం



అనంతపురం తోటల్లో బోరునీళ్ల ఉప్పు డ్రిప్పు పైపుల లోపల పట్టుకుంటుంది. పైకి కనబడదు. చెట్టు వాడినాకే తెలుస్తుంది.

వయసు మళ్లినవాళ్ల రక్తనాళాలూ అంతే. రక్తంలో చెడ్డ కొవ్వు పెరిగితే నాళాల గోడలకు పేరుకుంటుంది. ఈ కొవ్వునే కొలెస్ట్రాల్ అంటారు. అక్కడ రక్తం గడ్డకట్టి, మెదడుకు రక్తం అందకపోతే పక్షవాతం వస్తుంది.

"బక్కోళ్లకు కొవ్వెక్కడిది?" అనుకోవద్దు. బక్కగా ఉన్నవాళ్లకూ ఉండొచ్చు. రక్తపరీక్షలోనే తెలుస్తుంది. డాక్టరు మాత్రలు రాస్తే, బాగున్నామని మధ్యలో మానొద్దు. బీపీ చూపించుకోవాలి. డాల్డా తగ్గించాలి. బీడీ మానాలి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందుకు పోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. తలకు స్కానింగ్ తీసి, గడ్డ కరిగించే సూది 4½ గంటల లోపల వేయాలి. పొద్దు దాటితే ఆ సూది పనికిరాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు రక్తపరీక్ష చేయించారా?