డ్రోను పెట్టెతో విమానం ఎక్కేవారికి



పత్తికి, వరికి, వేరుశనగకు మందు కొట్టవలసి వచ్చినప్పుడు వీపున పంపు మోసే మనిషి దొరకడం మన వైపు కష్టమైపోయింది. అందుకే డ్రోను అనే ఎగిరే పిచికారీ యంత్రం నడిగడ్డలోకీ, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లోకీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2023లో నమో డ్రోన్ దీదీ పథకం ప్రకటించి, 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని తలపెట్టింది. ఖరీదులో నూటికి 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండా సాయం చేస్తారు. ఇట్లా డ్రోను చేతికి వచ్చిన తరువాత శిక్షణకనో, ప్రదర్శనకనో, మరమ్మతుకనో దూర ప్రయాణం పడుతుంది. శంషాబాదు గాని, 2021 మార్చిలో విమానాలు మొదలైన కర్నూలు దగ్గరి ఓర్వకల్లు గాని మనకు అందుబాటులోనే ఉన్నవి. గనుక విమానంలో ఏది పోతుంది, ఏది పోదు అనే సంగతి నేడు చెప్పుకుందాం.

ఎగిరే యంత్రమే గదా, విమానంలో పెట్టుకుపోతే అడ్డేమిటి అని మీరనవచ్చు. చిక్కు యంత్రంతో కాదు, బ్యాటరీతో.

డ్రోనులో ఉండేది లిథియం బ్యాటరీ. చిన్న పెట్టెలో చాలా శక్తిని కుక్కి పెట్టినట్లుంటుంది. దాని రెండు కొసలకు తాళంచెవి వంటి ఇనుప వస్తువు ఒకేసారి తగిలినా, లోపల పొర చితికినా ఒక అర వేడెక్కి, ఆ వేడి పక్క అరకు ఎక్కి, మంట లేస్తుంది. ఆ మంట ఆరినట్లే ఆరి మళ్లీ రాజుకుంటుంది. 2010 సెప్టెంబరు 3న దుబాయి నుంచి బయలుదేరిన ఒక సరుకుల విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకొని, విమానం కూలి, నడిపేవారిద్దరూ చనిపోయారు. 2016 ఏప్రిల్ 1 నుంచి లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరుకు రూపంలో ప్రయాణీకుల విమానాల్లో వేయకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కట్టడి చేసింది.

ప్రయాణీకులకు కూడా లెక్క ఉన్నది. అది వాట్-అవర్ల లెక్క. బ్యాటరీ మీద వోల్టులు, మిల్లీ ఆంపియర్-అవర్లు రాసి ఉంటవి. మిల్లీ ఆంపియర్ల అంకెను వెయ్యితో భాగించి వోల్టులతో గుణిస్తే వాట్-అవర్లు వస్తవి. ఆ లెక్క 100 లోపు ఉంటే వెంట తీసుకుపోవచ్చు. 100 దాటి 160 వరకు ఉంటే విమాన సంస్థ వారి అనుమతి ముందుగా తీసుకోవాలి. అప్పుడు కూడా విడి బ్యాటరీలు రెండింటికి మించకూడదు. 160 దాటితే చేతి సంచిలో కాదు, సామానులో కాదు, ఎక్కడా పనికిరాదు.

ఇప్పుడు మన యంత్రాన్ని లెక్క కడదాం. పది లీటర్ల పిచికారీ డ్రోనుకు సాధారణంగా 22.2 వోల్టుల, 16,000 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీలు వాడతారు. 16ను 22.2తో గుణిస్తే 355 పైచిలుకు. అంటే గరిష్ఠ హద్దుకు రెట్టింపు కన్నా ఎక్కువ. 22,000 బ్యాటరీ అయితే 488. ఇవి ప్రయాణీకుల విమానం ఎక్కవు. సెలవు చీటీ పెట్టినా, పెద్దల సిఫారసు తెచ్చినా ఎక్కవు. పైరు ఫొటోలు తీసే చిన్న డ్రోను సంగతి వేరు. 15.4 వోల్టులు, 3,850 ఉన్న బ్యాటరీ 59 వాట్-అవర్లే గనుక హద్దులోనే ఉన్నది.

“సారూ, బట్టల నడుమ పెడితే ఎవరు చూస్తరు?” అని అడిగేవారున్నారు. ఎక్స్‌రే యంత్రం చూస్తుంది. సామాను దింపిస్తారు, బ్యాటరీ అక్కడే ఉండిపోతుంది, విమానం మీరు లేకుండా పోతుంది. పత్తికి పురుగు పట్టిన వారంలో వేల రూపాయల బ్యాటరీ జత పోగొట్టుకుంటే, ఆ వారం మందు కొట్టే పనీ పోయినట్లే. ఎవరూ చూడకుండా ఎక్కిందే అనుకోండి, అది ఇంకా పెద్ద ప్రమాదం. కింద సామాను అరలో మంట పుడితే అక్కడికి వెళ్లి ఆర్పే మనిషి ఉండడు. విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉంచాలని, బరువు సామానులో వేయకూడదని కట్టడి పెట్టింది ఇందుకే. ఫోనుకు వాడే పవర్ బ్యాంకుకూ ఇదే కట్టడి.

నా అభిప్రాయం అడిగితే పిచికారీ డ్రోనును విమానంలో తీసుకుపోయే ఆలోచనే మానుకోండి. శిక్షణ ఇచ్చే చోట వారి యంత్రం ఉంటుంది. మనిషి పోతే చాలు. బ్యాటరీలు తీసి ఉత్త యంత్రమైనా వేద్దామంటే, దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు సాధారణంగా ఇచ్చే సామాను 15 కిలోలే. ఇక మరమ్మతుకు హైదరాబాదు పోవాలంటే ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కితే పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల మీదుగా పగటి పూటే చేరవచ్చు. సొంత బండిలో అయితే బ్యాటరీలను సగం చార్జీతో, ఒకదానికొకటి తగలకుండా పెట్టెలో పెట్టండి. ఎండలో అద్దాలు మూసిన బండిలో వదిలి చాయకు దిగవద్దు.

చిన్న డ్రోనుతో విమానమెక్కేవారు టికెట్టు కొన్న నాడే విమాన సంస్థకు రాసి, జవాబు కాగితం దగ్గర పెట్టుకోండి. డ్రోను చేతి సంచిలోనా, బరువు సామానులోనా అనే విషయంలో ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క పద్ధతి. బ్యాటరీ కొసలకు టేపు అంటించి, ఒక్కొక్కటి విడి కవరులో పెట్టండి. పొట్ట ఉబ్బిన బ్యాటరీని, కింద పడి సొట్టపోయినదాన్ని ఇంటి దగ్గరే వదలండి. స్క్రూడ్రైవరు, పానా, కత్తెర, విడి రెక్కలు బరువు సామానులో వేయండి. యంత్రం నమోదు సంఖ్య, నడిపే సర్టిఫికెట్టు, కొన్న రసీదు పైననే ఉంచండి. భద్రతా సిబ్బంది అడిగితే పెట్టె మీరే తెరిచి, డ్రోను అని స్పష్టంగా చెప్పండి. వారితో వేళాకోళం వద్దు.

మందు డబ్బా సంగతి మరువరాదు. పురుగుమందు విమానంలో నిషిద్ధం. వాసన కొట్టే డబ్బాకు, గొట్టాలకు కూడా అభ్యంతరం రావచ్చు. మరమ్మతుకు ఏదైనా భాగం పంపేముందు డబ్బా, గొట్టాలు, నాజిళ్లు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. ఆ కడుగు నీళ్లు బావిలో గాని, చెరువులో గాని పోయవద్దు.

ఇంకొక మాట. అమెరికాలో, గల్ఫులో ఉన్న మనవారు అక్కడినుంచి డ్రోను తెస్తామంటే వద్దని చెప్పండి. పరిశోధన, రక్షణ వంటి అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న ప్రభుత్వం నిషేధించింది. శంషాబాదులో కస్టమ్స్ వారు పట్టుకుంటే డబ్బు పెట్టి కొన్న వస్తువు చేతికి రాదు.

చేరిన ఊరిలో కూడా విమానాశ్రయం బయట పెట్టె విప్పి ఎగరవేసి చూడవద్దు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ కూడా 200 అడుగులు దాటి ఎగరవేయాలంటే అనుమతి కావాలి. ఇంకా దగ్గరికి వస్తే కట్టడి మరింత గట్టిది. ఆలంపురం వైపు నుంచి ఓర్వకల్లు పోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

బ్యాటరీ మీద అంకెలు చదవడం రాకపోతే దాని ఫొటో తీసుకొని పాలెం గాని, మదనాపురం గాని కృషి విజ్ఞాన కేంద్రానికి, లేదా మీ మండల విస్తరణాధికారి దగ్గరికి ప్రయాణానికి వారం ముందే రండి. లెక్క కట్టి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.