ఉపగ్రహ చిత్రంలో నీరు కనిపిస్తుంది, హక్కుదారు కనిపించడు

(చిత్తడి నేలలు, భూ వినియోగ మార్పులపై పరిశోధక విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను కొల్లేరు గురించి, దాన్ని ఆకాశం నుంచి చూసే పద్ధతి గురించి మాట్లాడతాను. ఇక్కడ జాగ్రఫీ, పర్యావరణ శాస్త్రం చదివేవాళ్లు ఉన్నారు. సోషియాలజీ, లా చదివేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లకు ఉపగ్రహ చిత్రం చదవడం వచ్చు. రెండోవాళ్లకు భూమి రికార్డు చదవడం వచ్చు. ఈ రెండు చదువులూ కలవనంతకాలం చిత్తడి నేలల మీద మనం చేసే పరిశోధన సగమే. ఆ మిగతా సగంలోనే మన జనం ఉన్నారు.

అంబేడ్కరైట్లకు ఉపగ్రహాలతో ఏం పని అని కొందరు అడుగుతారు. మహద్‌ను గుర్తు చేసుకోండి. చవదార్ చెరువు రికార్డు ప్రకారం అందరిదీ. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. ఆ మరుసటి ఏడాది మహద్ మునిసిపాలిటీ కూడా ఆ చెరువును అంటరానివారికి తెరిచినట్టు తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి తాగేదాకా ఆ నీళ్లు అందరివీ కాలేదు. ఆ తర్వాత కూడా దాడులు, కోర్టు కేసులు తప్పలేదు. ఆ రోజుల్లో పై నుంచి ఫొటో తీసి ఉంటే చెరువు నిండుగా కనిపించేది. అందులో చెయ్యి పెట్టే హక్కు ఎవరికి లేదో మాత్రం కనిపించేది కాదు. ఉపగ్రహ చిత్రం ముందు కూర్చున్నప్పుడు మనం మరచిపోకూడని మొదటి సంగతి ఇదే.

ఇక కొల్లేరుకు వద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు ఇందులో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. 1999లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. కొల్లేరు విస్తీర్ణం ఎంత అంటే ఒక్క అంకెలో చెప్పలేం. నీటిమట్టం 10 అడుగుల కాంటూరు దాకా ఉంటే 901 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం హద్దు 5 అడుగుల కాంటూరు, అంటే 308 చదరపు కిలోమీటర్లు. 3 అడుగులకు దిగితే 135. సరస్సు ఏటా ఉబ్బి, ఏటా తగ్గేది. వానాకాలంలో చేపల వేట, నీరు దిగాక బయటపడ్డ నేలలో వరి. లంక గ్రామాల్లో వడ్డి కులస్తులూ, మాలలూ, మాదిగలూ ఈ రాకపోకలను నమ్ముకునే బతికారు.

ఈ మార్పును పట్టుకోవడానికి మన దగ్గర ఏమున్నాయి? ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. 2008లో అమెరికా ప్రభుత్వం వాటి నిల్వ మొత్తాన్ని ఉచితం చేసింది. మన ఐఆర్‌ఎస్ ఉపగ్రహాలు 1988 నుంచి పనిచేస్తున్నాయి. లిస్-3 సెన్సర్‌లో ఒక పిక్సెల్ 23.5 మీటర్లు. 2015 నుంచి వస్తున్న సెంటినెల్-2 చిత్రాల్లో అది 10 మీటర్లు. వానాకాలపు మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1. ఇవన్నీ ఉచితమే. ఒక లాప్‌టాప్, ఇంటర్నెట్, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ ఉంటే హాస్టల్ గదిలో కూర్చుని నలభై ఏళ్ల కొల్లేరును చూడొచ్చు. జ్ఞానం మీద గుత్తాధిపత్యం ఒక మేరకు సడలిన చోటు ఇది. దాన్ని వదులుకోకూడదు.

అయితే ఈ పనిలో ఒక ఉచ్చు ఉంది. నీరు నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చేసుకుంటుంది, మొక్కలు దాన్ని బాగా వెనక్కి పంపుతాయి. ఈ తేడా ఆధారంగా 1996లో మెక్‌ఫీటర్స్ ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచికను ప్రతిపాదించాడు. ఆకుపచ్చ బ్యాండ్‌లోంచి ఇన్‌ఫ్రారెడ్‌ను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే విలువ అది. మామూలు చెరువులకు ఇది చక్కగా పనిచేస్తుంది. కొల్లేరులో మాత్రం తలకిందులవుతుంది. ఎందుకంటే చేపల చెరువులో కూడా ఉండేది నీరే, అదీ ఏడాది పొడవునా. గట్టు కట్టి సరస్సును ముక్కలు చేసిన చోట సూచిక “నీరు పెరిగింది” అంటుంది. గుర్రపుడెక్క, కిక్కిస కమ్మేసిన అసలు సరస్సును చూసి “మొక్కలు” అంటుంది. అంటే సరస్సు చస్తున్న కొద్దీ లెక్కలో నీటి విస్తీర్ణం పెరగవచ్చు. నీరు, చిత్తడి నేల ఒకటి కాదన్న సంగతి తెలియకుండా కోడ్ రాస్తే జరిగేది ఇదే.

దీనికి మార్గాలున్నాయి. ఒకటి, ఒక్క చిత్రంతో తేల్చకుండా ఏడాదిలో అన్ని కాలాల చిత్రాలూ చూడాలి. సరస్సు నీరు వచ్చిపోతుంది, చేపల చెరువు నీరు నిలకడగా ఉంటుంది. రెండు, ఆకారం చూడాలి. ప్రకృతి తిన్నని గీతలు గీయదు. దీర్ఘచతురస్రాలు కనిపిస్తే అవి మనుషులు వేసిన గట్లు. మూడు, ఏళ్ల మధ్య పోలిక ఎప్పుడూ ఒకే నెలల్లో చేయాలి. సెప్టెంబరు చిత్రాన్ని మే చిత్రంతో పోల్చి సరస్సు ఎండిపోయిందని రాస్తే, ఆ ప్రాంతంలో చేపలు పట్టే మనిషి చదివి నవ్వుతాడు.

ఇలా జాగ్రత్తగా చేసిన పని మన ముందుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, సహ పరిశోధకులు 2001 నాటి ఐఆర్‌ఎస్-1డి చిత్రాన్ని విశ్లేషించి 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రచురించారు. వాళ్లు లెక్కగట్టిన 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులే. సంఖ్యలో చూస్తే 1,050. ఎండిపోయిన మరో 38 చెరువులతో కలిపి 103 చదరపు కిలోమీటర్లు. మరో 8.5 శాతం వ్యవసాయం. మిగిలిందాంట్లో కలుపు. తేటనీరు అన్నది ఆ చిత్రంలో కనిపించనే లేదు.

ఆ అంకెలు నిజం. ఇప్పుడు లా, సోషియాలజీ విద్యార్థులు అడగాల్సిన ప్రశ్న: ఆ 1,050 చెరువులు ఎవరివి?

1970లలో ప్రభుత్వమే ఎస్సీల, మత్స్యకారుల సహకార సంఘాలు పెట్టించి, సరస్సు నేలలో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. భూమి లేని కుటుంబాలకు అది మొదటి ఆస్తి. కానీ చేపపిల్లలకు, మేతకు, మందులకు పెట్టుబడి కావాలి. సంఘాలకు అప్పు పుట్టలేదు. పెట్టుబడి ఉన్నవాళ్లు బయటి నుంచి వచ్చి లీజుకు తీసుకున్నారు. 80లు, 90లలో ఆ పక్కనే, ఏ పట్టా లేని ప్రభుత్వ భూమిలో పొక్లెయిన్లు దిగి పెద్ద పెద్ద చెరువులు లేచాయి. సొంత సంఘం చెరువు మీదే రోజుకూలీగా, కాపలాదారుగా పనిచేసిన దళితులున్నారు. ఉపగ్రహానికి ఇవన్నీ ఒకటే రంగు. సంఘం చెరువూ, లీజు చెరువూ, ఆక్రమణ చెరువూ, జిరాయితీ భూమిలోని చెరువూ మ్యాప్ లెజెండ్‌లో ఒకే మాట కింద చేరతాయి: ఆక్వాకల్చర్. ప్రభుత్వ నివేదికలోకి వెళ్లేసరికి ఆ మాట కాస్తా “ఆక్రమణ” అవుతుంది.

2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు. సరస్సు బతకాలంటే గట్లు పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ నష్టం అందరికీ సమానంగా రాలేదు. వేరేచోట భూములున్నవాళ్లు అక్కడికి వెళ్లి చెరువులు తవ్వుకున్నారు. ఉన్న ఒక్క వాటా సంఘం చెరువులోనే ఉన్న కుటుంబానికి వెళ్లే చోటు లేదు. ఆ తర్వాత కొన్నేళ్లకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. 2008లో రాష్ట్ర అసెంబ్లీ అభయారణ్యాన్ని 5 నుంచి 3 అడుగుల కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 5 అడుగుల హద్దే ఉండాలంది. కుదించాలనేవాళ్లు ప్రతిసారీ పేదల పేరే చెబుతారు. ఆ మాట ఎంత నిజమో తేల్చవచ్చు. 3, 5 అడుగుల కాంటూర్ల మధ్య ఉన్న ప్రతి చెరువును చిత్రంలో గీసి, దానిమీద సర్వే నంబర్లు, డి-ఫారం పట్టాలు, సంఘాల జాబితాలు, అడంగల్ పరచండి. విస్తీర్ణంలో పేదల వాటా ఎంతో, వాళ్ల పేరు చెప్పుకునేవాళ్ల వాటా ఎంతో బయటపడుతుంది. ఒక మంచి పీహెచ్‌డీకి సరిపడే పని ఇది. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టే ఓపిక కూడా కావాలి.

కొల్లేరు ఒక్కటే కాదు. చెన్నైలో పళ్లికరణై చిత్తడి నేల చిత్రాలు చూడండి. తడినేల “నిర్మాణ ప్రాంతం”గా మారడం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ ఒక్క రంగులోనే ఐటీ కంపెనీల భవనాలున్నాయి, సెమ్మంచేరి, పెరుంబాక్కం పునరావాస కాలనీలూ ఉన్నాయి. నగరం నడిబొడ్డున వాగుల ఒడ్డు నుంచి ఖాళీ చేయించిన పేదలను, వాళ్లలో ఎక్కువమంది దళితులను, ప్రభుత్వమే తెచ్చి ఆ పల్లపు నేలల్లో పెట్టింది. వానొస్తే మునిగేదీ వాళ్లే. చిత్తడి నేలను మింగారన్న మాట పడేదీ వాళ్లే.

చివరిగా రెండు విషయాలు.

మొదటిది, లెక్కలోకి రాని నీరు. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2011లో తెచ్చిన జాతీయ చిత్తడి నేలల అట్లాస్‌లో 2,01,503 చిత్తడి నేలలకు హద్దులు గీశారు. 2.25 హెక్టార్ల కన్నా చిన్నవి మరో 5,55,557 ఉన్నాయి. అవి మ్యాప్ మీద చుక్కలు మాత్రమే, వాటికి హద్దులు లేవు. సుప్రీంకోర్టు 2017లోనూ, మళ్లీ 2024 డిసెంబరులోనూ ఇచ్చిన ఆదేశాలు పెద్దవాటి గురించే. 2017 నిబంధనలు సాగునీటి కోసం, తాగునీటి కోసం కట్టిన చెరువులను చిత్తడి నేల నిర్వచనం నుంచే తప్పించాయి. వాడ పక్కన కుంట, పశువులు దిగే మడుగు, తుంగ కోసుకునే పల్లం, నత్తలు ఏరుకునే కాలువ గట్టు ఇలా చట్టానికి బయట ఉండిపోయాయి. వాటిమీద ఆధారపడేది సొంత బావి, సొంత పొలం లేనివాళ్లే. 10 మీటర్ల సెంటినెల్ చిత్రంలో ఎకరం కుంట కూడా కనిపిస్తుంది. మీ ఊరి నుంచే మొదలుపెట్టండి.

రెండోది, క్షేత్ర పరిశీలన. మన థీసిస్‌లలో “గ్రౌండ్ ట్రూత్” అంటే జీపీఎస్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి తీసుకున్న నలభై యాభై పాయింట్లు. రోడ్డు ఊళ్లోకి వెళ్తుంది, వాడ దాకా చాలాసార్లు వెళ్లదు. నీరు ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో, ఏ గట్టు ఏ ఏడాది లేచిందో, ఎవరు వేయించారో వాడలో ఆడవాళ్లకు తెలుసు. వాళ్ల మాటను “స్థానికుల అభిప్రాయం” అని అనుబంధంలో పడేయకండి. చిత్రం తేదీతో సరిచూసి, సాక్ష్యంగా ప్రధాన అధ్యాయంలో పెట్టండి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అరెకరంలో గుడిసె వేసుకున్నవాడి హద్దును అక్షాంశ రేఖాంశాలతో ప్రచురిస్తే, బుల్డోజర్ ముందుగా వచ్చేది అతని దగ్గరికే. ఆ జనాన్ని అడగకుండా అలాంటి మ్యాప్ బయటపెట్టకండి.

ఉపగ్రహానికి కులం తెలియదని మన ప్రొఫెసర్లు గొప్పగా చెబుతారు. తెలియదు కాబట్టే దాని చిత్రానికి పేర్లు పెట్టే పని ముఖ్యం. ఏది నీరు, ఏది బంజరు, ఏది ఆక్రమణ అని నిర్ణయించేది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో మనవాళ్లు చాలా తక్కువ. మీలో కనీసం పదిమంది ఈ ఏడాది ఆ పని నేర్చుకుని, ఒక్కొక్కరు ఒక్కో చెరువు చరిత్రను, దాని హక్కుదార్లతో సహా రాస్తే, చిత్తడి నేలలను కాపాడే వాదనలో మన జనం ముద్దాయిలుగా కాక హక్కుదార్లుగా నిలబడతారు.

జై భీమ్.