చేపనూనె తినే ఈస్టు

ఈస్టు అనగానే చక్కెర, పిండి పులియడం గుర్తొస్తాయి. కానీ యారోవియా లైపోలిటికా అనే ఈస్టు కొవ్వుల మీద చక్కగా పెరుగుతుంది. చేపల తలలు, పేగుల నుంచి తీసిన నూనె కూడా దానికి ఆహారమే. నూనె నీటిలో కరగదు కదా! అందుకే ఈ ఈస్టు లైపేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి, నూనెను కొవ్వు ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడగొట్టి లోపలికి తీసుకుంటుంది. అయితే నూనెలో కార్బన్ పుష్కలంగా ఉన్నా నత్రజని దాదాపు ఉండదు. కాబట్టి ఈస్టును పెంచేటప్పుడు అమ్మోనియం లవణాలు, ఫాస్ఫేటు విడిగా వేయాలి. గాలి ధారాళంగా అందాలి, ద్రవాన్ని ఆపకుండా కలుపుతుండాలి. ఆశ్చర్యమేమంటే, డ్యూపాంట్ కంపెనీ శాస్త్రవేత్తలు ఇదే ఈస్టు జన్యువులను మార్చి, చేపనూనెలో దొరికే ఒమేగా-3 కొవ్వును చక్కెర నుంచే తయారు చేయించారు. మన తీరప్రాంత కళాశాలల మైక్రోబయాలజీ విద్యార్థులు చేపల వ్యర్థాల నూనెతో ఈ ఈస్టును పెంచి చూడాలని నా కోరిక.